ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట: కంప్యూటర్ రిపేర్ షాపుల వాళ్ళకి బహిరంగ లేఖ

సికింద్రాబాద్ సీటీసీలో వరసగా ఉండే షాపుల దగ్గర్నుంచి, మా రాజమండ్రి లాంటి ఊళ్ళలో జిరాక్స్ మిషను పక్కన చిన్న టేబులు వేసుకుని లాప్‌టాప్‌లు విప్పే తమ్ముళ్ళ దాకా, కంప్యూటర్లు బాగుచేసే అందరికీ నమస్కారం అండి.

నేను మీ లైన్లో మనిషిని కాదు. కాకపోతే మా చుట్టాల్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ముందు నాకే ఫోన్ వస్తుంది, నా వల్ల కాకపోతే మీ దగ్గరికి వస్తుంది, మీ దగ్గర్నుంచి ఇంటికెళ్ళాక మళ్ళీ నాకే ఫోన్, "స్పీడ్ బానే ఉందిరా, కానీ ఫోటోలు కనపడట్లేదు" అని. ఈ ఉత్తరం ఆ రెండో ఫోన్ గురించే.

సూటిగా చెప్పేస్తాను. విండోస్ కొత్తగా వేసేముందు "సీ కొట్టేస్తామండి, డీ ముట్టుకోం, మీ డేటా సేఫ్" అని, అంటే డిస్క్‌లో సీ డ్రైవ్ అనే ముక్క మాత్రమే చెరిపేస్తామని, మీరు కౌంటర్ దగ్గర చెప్పే మాట ఇప్పుడు నిజం కాదు. ఒకప్పుడు నిజమే, కాదనను. ఎక్స్‌పీ రోజుల్లో అసెంబుల్డ్ సిస్టమ్ కొంటే మీరే హార్డ్ డిస్క్‌ని సీ, డీ, ఈ అని మూడు ముక్కలు చేసి ఇచ్చి, "ఏం దాచుకున్నా డీ లోనే దాచుకోండి సార్, సీ ఎప్పుడైనా పోతుంది" అని చెప్పి మరీ పంపేవాళ్ళు, జనం కూడా విన్నారు, అలా అలవాటు పడ్డ ఇళ్ళల్లో ఫోటోలు ఇరవై ఏళ్ళుగా బతికే ఉన్నాయి. ఇప్పుడొచ్చే లాప్‌టాప్ చూడండి, హార్డ్ డిస్క్ బదులు 512 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి, చాలావాటిలో ఒకటే సీ డ్రైవ్, డీ అనేదే ఉండదు. ఒకవేళ మీరు విడదీసి డీ చేసి ఇచ్చినా అందులోకి ఎవరూ చేత్తో తీసుకెళ్ళి పెట్టట్లేదు. ఫోన్‌కి కేబుల్ పెట్టి ఇంపోర్ట్ కొడితే అవి పిక్చర్స్‌లోకి పోతాయి, వాట్సాప్ వెబ్‌లోంచి దింపినవి డౌన్‌లోడ్స్‌లోకి పోతాయి, పెళ్ళి ఫోటోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోవి డెస్క్‌టాప్ మీద 'న్యూ ఫోల్డర్', అది చాలక 'న్యూ ఫోల్డర్ 2' అని పడుంటాయి. ఈ మూడూ సీ లోనే, యూజర్స్ అనే ఫోల్డర్ కింద ఆ మనిషి పేరు మీద ఉంటాయి. అంటే మీరు సీ కొట్టడం అంటే ఇప్పుడు ఆల్బమ్ కొట్టేయడమే.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14 తో అయిపోయింది. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేని పాత సిస్టమ్‌లు విండోస్ 11 కి మామూలు దారిలో ఎక్కవు. అందుకని ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి కదలని కంప్యూటర్లు కూడా సంచుల్లో పెట్టుకుని మీ షాపులకి వస్తున్నాయి, ఎస్ఎస్‌డీ వేయించుకోడానికో, కొత్త ఓఎస్‌కో (అంటే కొత్త విండోస్‌కి), ఎక్స్‌ఛేంజ్‌కో. వాటిల్లో ఉన్నది మామూలు డేటా కాదండి. బారసాలలు, ఓణీల ఫంక్షన్లు, 2015 గోదావరి పుష్కరాల్లో కోటిలింగాల రేవు దగ్గర తీసుకున్నవి, వేరే ఎక్కడా కాపీ లేనివి.

మా పిన్ని గారి సిస్టమ్ అలాగే ఒక షాపుకి వెళ్ళింది, ఏ షాపో చెప్పను, అది ఒక్కళ్ళ సంగతి కాదు కాబట్టి. కంప్లైంట్ ఏంటంటే స్లో. అంతే. సాయంత్రానికి కొత్త విండోస్, కొత్త ఆఫీస్, వీఎల్‌సీ, క్రోమ్, అన్నీ నీట్‌గా వేసిచ్చారు, డీ డ్రైవ్ ముట్టుకోలేదు కూడా, మాట మీద నిలబడ్డారు. డీ లో ఉన్నదల్లా ప్రింటర్ డ్రైవరూ, బాబాయ్ డీటీపీ చేసే రోజుల నాటి అను అనే తెలుగు ఫాంట్ల ఫోల్డరూ. ఆయన ఫోటోలు డెస్క్‌టాప్ మీద ఉండేవి. షాపులో అడిగితే "మేడమ్ చెప్పలేదండి" అన్నారు. చెప్పలేదు నిజమే, ఆవిడకి డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవ్ అని తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు కదా.

అది పాత హార్డ్ డిస్క్ కాబట్టి, క్విక్ ఫార్మాట్ కాబట్టి కొన్ని వెనక్కొచ్చాయి. క్విక్ ఫార్మాట్‌లో లోపలి బిట్లు చెరగవు, ఎక్కడేముందో రాసుకున్న లిస్టు మాత్రమే పోతుంది, దాని మీద కొత్త విండోస్ ఎంత మేర రాసిందో అంత మేర పోయినట్టు, మిగతాది ఫోటోరెక్ లాంటి సాఫ్ట్‌వేర్ గీకి తీస్తుంది. అయితే ఫోల్డర్ పేర్లూ ఫైల్ పేర్లూ రావు. రెకప్ డైర్ 1, రెకప్ డైర్ 2 అని ఫోల్డర్ల కుప్పలు, వాటిల్లో ఎఫ్ తర్వాత పొడుగు నంబరుతో ఫైళ్ళు, మధ్యలో బ్రౌజర్‌లో చూసిన చీరల బొమ్మలూ, వేలికొస సైజు థంబ్‌నెయిల్సూ. పిన్ని ఇంకా అవి ఏరుకుంటూనే ఉంది. అదే ఎస్ఎస్‌డీ అయ్యుంటే ఆ కుప్ప కూడా దొరికేది కాదు, ఎందుకంటే ఫార్మాట్ చేయగానే విండోస్ ట్రిమ్ అని ఒక కబురు పంపుతుంది, ఈ చోటంతా ఖాళీ అనుకో అని, డ్రైవ్ లోపల దాని పని అది చేసుకుని ఆ బ్లాకులు తుడిచేసుకుంటుంది. హార్డ్ డిస్క్ రోజుల్లో మీకు రెండో ఛాన్స్ ఉండేది, ఇప్పుడు లేదు. నేను ఇంతగా మొత్తుకునేది దీనికే.

అసలు చాలాసార్లు ఫార్మాట్ అవసరమే ఉండదు, ఇది మీకు నాకంటే బాగా తెలుసు, కాకపోతే టైమ్ లేక అదే చేసేస్తారు. "ఫోటోలు పోయాయి" అని వచ్చే సిస్టమ్‌ల్లో ఫోటోలు నిజంగా పోయినవి తక్కువ. ఒకరోజు ఆన్ చేస్తే డెస్క్‌టాప్ మొత్తం ఖాళీ, వాల్‌పేపర్ కూడా కొత్తది, కింద మూలన "మీ అకౌంట్‌లోకి సైన్ ఇన్ అవ్వలేకపోతున్నాం" అన్న అర్థంతో ఇంగ్లీషులో ఒక మెసేజ్. అది టెంపరరీ ప్రొఫైల్, అంటే అసలు అకౌంట్ తెరవలేక విండోస్ తాత్కాలికంగా చూపించే ఖాళీ డెస్క్‌టాప్. యూజర్స్ ఫోల్డర్‌లోకి వెళ్తే పాత పేరుతో ఫోల్డర్ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఒక్కోసారి రీస్టార్ట్ కొడితేనే సర్దుకుంటుంది, లేదంటే విండోస్ తన సెట్టింగ్‌లు రాసుకునే రిజిస్ట్రీలో ప్రొఫైల్‌లిస్ట్ దగ్గర డాట్ బాక్ అని తోక తగిలించుకున్న కీ ఉంటుంది, దాన్ని సరిచేయడం మీకు పది నిమిషాల పని. పాత డిస్క్ వేరే సిస్టమ్‌కి తగిలిస్తే "ఈ ఫోల్డర్ తెరవడానికి మీకు పర్మిషన్ లేదు" అంటుంది, అది కూడా డిస్క్ చెడిపోవడం కాదు, ఓనర్ మారాడు అంతే, కంటిన్యూ నొక్కి కాసేపు ఆగితే చాలావరకు తెరుచుకుంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోతే అది ఆ పాత షార్ట్‌కట్ వైరస్, ఇంటర్నెట్ సెంటర్లలో ప్రింట్‌కి ఇచ్చి తెచ్చుకున్నప్పుడల్లా అంటుకునేది, అసలు ఫోల్డర్లు అక్కడే దాక్కుని ఉంటాయి, అట్రిబ్ కమాండ్‌తో హిడెన్, సిస్టమ్ అనే గుర్తులు తీసేస్తే బయటికొస్తాయి. దానికి కూడా పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టినవాళ్ళని చూశాను, చూసి ఏమీ అనలేకపోయాను.

లైబ్రరీల గోల ఒకటుంది. విండోస్ 7 తో 2009 లో వచ్చింది ఈ లైబ్రరీ అనేది. అది ఫోల్డర్ కాదు, నాలుగు చోట్ల ఉన్న ఫోల్డర్లని ఒకచోట చూపించే కిటికీ లాంటిది. అందులోంచి ఫోల్డర్‌ని 'రిమూవ్' చేస్తే కిటికీలోంచి తప్పుకుంటుంది, ఫోటోలు అక్కడే ఉంటాయి. కానీ ఆ కిటికీలోనే ఫోల్డర్ మీద డిలీట్ కొడితే అసలుదే పోతుంది. కస్టమర్‌కి ఈ తేడా ఎవరూ చెప్పరు, రెండుచోట్ల కనపడుతోంది కదా అని ఒకటి డిలీట్ కొడతారు, రెండూ పోతాయి. రీసైకిల్ బిన్ ఖాళీ చేసేముందు ఒకసారి తెరిచి చూడండి అనేది అందుకే. అలాగే "స్పేస్ ఫుల్" అని వచ్చినప్పుడు స్టోరేజ్ సెట్టింగ్స్‌లో టెంపరరీ ఫైల్స్ దగ్గర అన్ని టిక్కులూ పెట్టేసి రిమూవ్ కొట్టకండి, ఆ లిస్టులో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, పేరు చూస్తే చెత్తలాగే ఉంటుంది, వాట్సాప్‌లో వచ్చిన మనవడి ఫోటోలన్నీ అందులోనే ఉంటాయి. విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ కూడా అంతే. ఫార్మాట్ చేయకుండా పాతదాని పైన కొత్త విండోస్ ఎక్కించినప్పుడు పాత సరుకంతా అందులోకి పోతుంది, అప్‌గ్రేడ్ అయితే పది రోజులకి దానంతటదే పోతుంది, స్పేస్ కోసం మీరు ఆ రోజే తీసేస్తే కస్టమర్‌కి ఆ పది రోజులు కూడా ఉండవు.

ఇప్పుడు అసలు తలనొప్పి, ఫైళ్ళని ఇంటర్నెట్‌లో దాచిపెట్టే మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్. కొత్త విండోస్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మూడింటినీ అది ఎత్తుకెళ్ళి వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది, మనం అడిగామా లేదా అన్నది దానికి అనవసరం. ఫ్రీగా ఇచ్చేది 5 జీబీ, ఒక్క పెళ్ళి ఫోటోలకే చాలదు, నిండాక కొత్తవి పైకి ఎక్కడం ఆగిపోతుంది, కస్టమరేమో అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయని ధీమాగా ఉంటాడు. ఎవరో విసిగిపోయి ఆ బ్యాకప్ ఆపేస్తే చాలా సిస్టమ్‌ల్లో పిక్చర్స్ ఖాళీగా కనపడుతుంది, ఫోటోలు మాత్రం వన్‌డ్రైవ్ లోపలి పిక్చర్స్‌లో ఉండిపోతాయి. పిక్చర్స్ అనే పేరుతో రెండు ఫోల్డర్లు ఉంటాయని గుర్తుపెట్టుకోండి చాలు, ఖాళీది చూసి డేటా లేదనుకోకండి.

ఇంకో మెలిక. ఫైల్ పక్కన నీలం మబ్బు బొమ్మ ఉందంటే ఆ ఫోటో డిస్క్‌లో లేనట్టు, పేరు మాత్రమే ఉంది, సరుకు ఇంటర్నెట్ అవతల ఉంది. మీరు డిస్క్ ఊడదీసి వేరే సిస్టమ్‌కి పెట్టి ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకున్నా ఆ ఫోటోలు తెరుచుకోవు. అవి కావాలంటే అకౌంట్ పాస్‌వర్డ్ కావాలి. ఆ అకౌంట్ ఎవరు చేశారు? మీరే. సెటప్‌లో ఈమెయిల్ అడుగుతుంది కాబట్టి అక్కడికక్కడ ఏదో పేరూ నంబర్లూ కలిపి ఒక ఐడీ, షాపులో అందరికీ పెట్టే పాస్‌వర్డ్ ఒకటి, ఓటీపీ మీ కుర్రాడి ఫోన్‌కి. ఆర్నెల్లు పోయాక ఆ కుర్రాడు మానేసి ఉంటాడు. దీనిమీద నాకు నిజంగానే కోపం, ఎందుకంటే విషయం ఫోటోలతో ఆగట్లేదు. విండోస్ 11 లో 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా సిస్టమ్‌ల్లో డ్రైవ్‌కి ఎన్‌క్రిప్షన్ (అంటే డ్రైవ్‌కి తాళం) దానంతటదే ఆన్ అయిపోతుంది. తాళం చెవి, 48 అంకెలది, ఆ అకౌంట్‌లో దాచుకుంటుంది. తర్వాతెప్పుడో మదర్‌బోర్డ్ మార్చినా, ఒక్కోసారి దాని మీదుండే బయోస్ అనే ప్రోగ్రామ్ అప్‌డేట్ చేసినా నీలం స్క్రీన్ వచ్చి ఆ 48 అంకెలు అడుగుతుంది, లేదంటే ఎంత మొనగాడైనా ఆ డిస్క్ తెరవలేడు, ఫోటోలు కళ్ళముందే ఉంటాయి కానీ చేతికి రావు. దయచేసి కస్టమర్ సొంత ఈమెయిల్, సొంత ఫోన్ నంబర్‌తోనే అకౌంట్ చేయండి. ఈమెయిల్ లేదంటే కూర్చోబెట్టి చేయించండి. ఆ 48 అంకెలూ ప్రింట్ తీసి బిల్లుతో పాటు చేతిలో పెట్టండి, జిరాక్స్ మిషను పక్కనే ఉంది కదా.

డిస్కే చెడిపోతున్న కేసులు వేరు. ఫోల్డర్ తెరిస్తే నిమిషాల తరబడి తిరగడం, లోపల్నుంచి టిక్ టిక్ చప్పుడు, డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో కాషన్ అని పసుపు రంగు. అలాంటి దాని మీద ముందే విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ కొట్టకండి. అది ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే ఫైల్ సిస్టమ్‌ని సరిచేస్తుందే గానీ మీ ఫోటోల గురించి దానికి పట్టదు, అర్థంకాని ముక్కలన్నీ ఫౌండ్ 000 అనే ఫోల్డర్‌లో కుక్కేసి పని అయిపోయింది అంటుంది, ఈలోగా చావుకి దగ్గరున్న డిస్క్‌ని అన్ని గంటలు రుద్దినట్టు. ముందు మొత్తం డిస్క్‌ని ఇంకో డిస్క్‌లోకి క్లోన్ (అచ్చు కాపీ) తీసుకోండి, డీడీరెస్క్యూ లాంటివి చదవలేని చోట్లని వదిలేసి ముందు మంచివి తీస్తాయి, ఆ తర్వాత ప్రయోగాలేమైనా ఉంటే ఆ కాపీ మీద చేసుకోండి. ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టగానే "వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడిగితే క్యాన్సిల్. అది ఏ డిస్క్ అర్థంకాకపోయినా అదే అడుగుతుంది. రికవర్ చేసిన ఫైళ్ళని మళ్ళీ అదే డిస్క్‌లోకి దింపొద్దు అని మీకు చెప్పక్కర్లేదు అనుకుంటున్నాను.

ఫోటోలు చూసుకోడానికీ సర్దుకోడానికీ గూగుల్ ఇచ్చిన పికాసా అనే ప్రోగ్రామ్ సంగతి కొత్త కుర్రాళ్ళకి తెలియకపోవచ్చు. గూగుల్ 2016 లో ఆపేసింది గానీ పెద్దవాళ్ళ సిస్టమ్‌ల్లో ఇంకా అదే నడుస్తోంది, అది ఉన్న సిస్టమ్ వచ్చిందంటే కొంచెం జాగ్రత్త. అందులో ఫోటో కాంతి పెంచినా, కత్తిరించినా, అసలు ఫైల్ మారదు, ఏం చేశారో ఆ ఫోల్డర్‌లోనే పికాసా ఐఎన్ఐ అనే చిన్న దాపు ఫైల్‌లో రాసుకుంటుంది. సేవ్ కొట్టినవాటి ఒరిజినల్స్‌ని పికాసా ఒరిజినల్స్ అనే దాపు ఫోల్డర్‌లో పెడుతుంది. మీరు జేపెగ్‌లు మాత్రం ఏరి కాపీ చేస్తే ఇవి రావు. ఆల్బమ్‌లూ, ముఖాలకి పెట్టుకున్న పేర్లూ సీ లో యాప్‌డేటా అనే దాపు ఫోల్డర్ లోపల ఇంకోచోట ఉంటాయి, సీ తో పాటు అవీ పోతాయి. ఒక పెద్దాయన తన వైపు నాలుగు తరాల వాళ్ళకి పేర్లు పెట్టుకుంటూ వచ్చాడనుకోండి, ఫోటోలు మిగిలినా ఆ పేర్లు చెప్పేవాళ్ళు మిగలరు. కాపీ చేసేటప్పుడు హిడెన్ ఫైల్స్ చూపించు అని ఆన్ చేసుకుని ఫోల్డర్‌కి ఫోల్డర్ ఎత్తండి.

డేట్లు తారుమారయ్యాయనీ, ఐఫోన్ ఫోటోలు ఓపెన్ అవ్వట్లేదనీ వచ్చేవాళ్ళకి మీరు రెండు ముక్కలు చెబితే చాలు. కాపీ చేసినప్పుడు 'క్రియేటెడ్' డేట్ ఇవాళ్టిది అవుతుంది, తీసిన రోజు ఫోటో లోపల వేరే ఉంటుంది, 'డేట్ టేకెన్' పెట్టి సర్దితే వరస కుదురుతుంది, వాట్సాప్‌లో వచ్చినవాటికి అది చెరిగిపోతుంది కాబట్టి ఫైల్ పేరులో ఉన్న తేదీయే దిక్కు. ఐఫోన్‌వి హెచ్ఈఐసీ అనే రకం ఫైళ్ళు, చెడిపోయినవి కాదు, విండోస్‌కి వాటి ఎక్స్‌టెన్షన్ (తోడు ప్రోగ్రామ్) వేస్తే తెరుచుకుంటాయి. కరప్ట్ అయ్యాయని డిలీట్ చేయించకండి.

మీ ఇబ్బందీ తెలుసండి. ఓఎస్ వేసినందుకు ఐదొందలంటే కూడా బేరమాడే జనం, బెంచీ మీద ఇంకో నలుగురు, అందరికీ సాయంత్రానికే కావాలి, 300 జీబీ కాపీ పెట్టి కూర్చుంటే మీ గంటలకి డబ్బులెవరిస్తారు. డేటా బ్యాకప్‌కి విడిగా ఒక రేటు బోర్డు మీద రాసిపెట్టండి. నిర్మొహమాటంగా తీసుకోండి. ఫార్మాట్‌కి ఐదొందలు ఎక్కువనేవాళ్ళే ఫోటోలు పోయాక ఎంతైనా ఇస్తామంటారు, ఆ మాట ముందే అడిగితే సరిపోతుంది. అడగడం కూడా "డేటా ఏమైనా ఉందా అండీ" అని అడక్కండి, జనానికి ఫోటోలు డేటా అని తట్టదు, ఏవో ఆఫీస్ ఫైళ్ళు అనుకుని లేదంటారు. "మీ ఫోటోలు ఎక్కడ ఓపెన్ చేసి చూస్తారు, ఒకసారి చూపించండి" అనండి, వేలు పెట్టి చూపిస్తారు. యూజర్స్‌లో వాళ్ళ పేరు మీదున్న ఫోల్డర్‌కి రైట్ క్లిక్ కొట్టి సైజు చూడండి, పదుల జీబీలు ఉందంటే అది ఖాళీ సిస్టమ్ కాదు.

నిజంగా మీ పాత మాట నిలబెట్టుకోవాలనుంటే దానికీ దారుంది. కొత్త సిస్టమ్ ఇచ్చేటప్పుడే డీ చేసి, పిక్చర్స్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్‌కెళ్ళి దాన్ని డీ కి మార్చేయండి, అప్పట్నుంచి కస్టమర్‌కి తెలియకుండానే అన్నీ డీ లోనే పడతాయి. డీ లో పిక్చర్స్ అని ఒక ఫోల్డర్ చేసి దానికి మార్చాలి సుమా, ఉత్త డీ కే మారిస్తే డ్రైవ్ మొత్తం పిక్చర్స్ అయి కూర్చుంటుంది, వెనక్కి తిప్పలేక చస్తారు. పాత చోట ఏమైనా మిగిలాయేమో కూడా చూడండి. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 1809 అప్‌డేట్ అలా ఫోల్డర్ మార్చుకున్న కొందరికి పాత చోట మిగిలిపోయిన ఫైళ్ళని తుడిచేసింది, మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసి, సరిచేసి నవంబర్‌లో మళ్ళీ వదలాల్సి వచ్చింది.

ఇంకొకటి, ఇది చెప్పడానికి మొహమాటంగానే ఉంది. ఆడవాళ్ళు చాలామంది ఫోటోల సంగతి మీకు చెప్పకపోవడానికి కారణం తెలియక కాదు, భయం. షాపులో కుర్రాళ్ళు తెరిచి చూస్తారేమో, కాపీ ఉంచుకుంటారేమో అని. ఆ భయంతో "ఏమీ లేవండి, కొట్టేయండి" అని తర్వాత ఇంట్లో ఏడ్చేవాళ్ళున్నారు. బ్యాకప్ కస్టమర్ ఎదురుగానే, వాళ్ళు తెచ్చుకున్న డిస్క్‌లోకే చేయండి. మీ సిస్టమ్‌లోకి దింపక తప్పకపోతే డెలివరీ రోజు వాళ్ళ ముందే తుడిచి చూపించండి. ఫోల్డర్ సైజు చూస్తే చాలు, ఫోటోలు తెరిచి చూడాల్సిన పనిలేదు.

ఇక చివరిది, కొత్త ఎస్ఎస్‌డీ వేసినప్పుడు పాత హార్డ్ డిస్క్‌ని ఫార్మాట్ చేసి మళ్ళీ అందులోనే తగిలించకండి, స్క్రాప్‌లోనూ వేయకండి. ఊడదీసింది ఊడదీసినట్టే, మీద స్కెచ్ పెన్నుతో కస్టమర్ పేరూ తేదీ రాసి, కవర్లో పెట్టి ఇంటికి ఇచ్చేయండి. ఎన్ని రోజుల తర్వాత ఏది గుర్తొచ్చినా ఆ డిస్క్ బీరువాలో ఉంటుంది. ఆ డిస్క్ పెట్టుకునే యూఎస్‌బీ కేస్ ఒకటి అమ్ముకుంటే మీకూ నాలుగు రూపాయలు.

ఇట్లు,
చుట్టాల కంప్యూటర్లన్నీ నెత్తినేసుకున్న ఒక రాజమండ్రి వాడు